పైథాన్‌లో తెలుగు వెతకాలంటే రెజెక్స్ మాడ్యూల్: రెండేళ్లు వాడాక నా అభిప్రాయం

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే, టెక్స్ట్‌లో నమూనాల్ని బట్టి వెతికే రీ మాడ్యూల్ (సిద్ధంగా రాసిపెట్టిన కోడ్) గురించి కాదు నేను రాస్తున్నది. అదే పని చేసేది రెజెక్స్ అనే పేరుతో విడిగా ఇంకొకటి ఉంది, మాథ్యూ బార్నెట్ రాసింది, ఉచితం, పైథాన్ మాడ్యూళ్లని వేసుకునే పిప్ అనే సాధనంతో ఒక్క లైన్‌లో ఇన్‌స్టాల్ అయిపోతుంది. తెలుగు టెక్స్ట్‌తో పని చేసేవాళ్లందరూ ఇది వేసుకోవాలని గట్టిగా చెప్తాను.

మా అమ్మమ్మ వంటలన్నీ ఇంట్లోవాళ్లం తలా కొన్ని టైప్ చేసి దాచుకున్నాం. పిన్ని ఫోన్‌లో కొట్టింది, నేను ల్యాప్‌టాప్‌లో, అన్నయ్య ఇంకెక్కడో. మొత్తం మూడు వందల పైచిలుకు ఫైళ్లు. మా పాపకి పాలు పడవు. అందుకని ఏ వంటలో పాలు ఉన్నాయో వెతికి పక్కన గుర్తు పెట్టే చిన్న ప్రోగ్రామ్ రాద్దామని కూర్చున్నాను. గంటలో అయిపోతుందనుకున్న పని వారం పట్టింది.

మొదట పైథాన్‌లోనే ఉన్న ఫైండ్ అనే ఆదేశం వాడాను. అది పదం దొరికితే ఎన్నో స్థానంలో దొరికిందో చెబుతుంది, దొరక్కపోతే మైనస్ ఒకటి ఇస్తుంది. "పాలు మరిగించి" అని మొదలయ్యే వంటకి సున్నా వస్తుంది, దాన్ని నేరుగా ఇఫ్‌లో పెడితే పైథాన్ దాన్ని లేదు అనే అర్థం చేసుకుంటుంది, దొరకని వంటకి వచ్చే మైనస్ ఒకటిని మాత్రం ఉంది అనుకుంటుంది. కాబట్టి ఉందా లేదా అన్నదే కావాలంటే 'ఇన్' వాడండి, స్థానం నిజంగా అవసరమైతేనే ఫైండ్.

సరే, 'ఇన్'కి మారాను. "పాలు" అని వెతికితే "పాలతో", "పాలలో", "పాలమీగడ" ఏవీ రావు. మన భాషలో విభక్తి తగలగానే పదం చివర మారిపోతుంది కదా. అందుకని కుదించి "పాల" అని వెతికాను. దాదాపు ప్రతి వంటా వచ్చేసింది! ఎందుకా అని చూస్తే "బాగా కలపాలి". అందులో ప, దీర్ఘం, ల వరసగా ఉన్నాయి, కంప్యూటర్‌కి అంతే కావాలి. తర్వాత వచ్చే గుడి దానికి వేరే అక్షరం కింద లెక్క. "తిప్పాలి", "దింపాలి" కూడా అంతే. వంటల పుస్తకంలో ఈ మాటలు లేని పేజీ ఉండదు.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసేది పదం హద్దు పెట్టడం, అంటే బ్యాక్‌స్లాష్ బి. రీ మాడ్యూల్‌లో "పాలు"కి రెండు పక్కలా హద్దు పెట్టి వెతికాను. ఒక్కటీ రాలేదు. పాలు పోసి చేసే వంట ఒక్కటి కూడా లేదని చెప్పింది. ఎర్రర్ వస్తే ఏదో తప్పుందని తెలుస్తుంది, ఇది ఖాళీ లిస్ట్ ఇచ్చి ఊరుకుంది. పరమాన్నం ఫైల్ నాకు గుర్తుంది కాబట్టి పట్టుకున్నాను గానీ, లేకపోతే ఆ జాబితానే నమ్మి పాపకి వండేదాన్ని. అది తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది.

కారణం ఏంటంటే, కంప్యూటర్‌లో అన్ని లిపులకీ కోడ్ ఇచ్చే ప్రమాణం యూనికోడ్‌లో క, ప, ల లాంటివి అక్షరాలు. గుణింతం గుర్తులు, సున్న, పొల్లు మాత్రం వేరే వర్గం, అక్షరానికి తగిలించే గుర్తులు. రీ మాడ్యూల్ అక్షరాలనీ అంకెలనీ అండర్‌స్కోర్‌నీ మాత్రమే పదంలో భాగంగా చూస్తుంది, ఈ గుర్తుల్ని పదం బయటివి అనుకుంటుంది. "తెలుగు" అనే మాటని పదాలుగా విడగొట్టమని బ్యాక్‌స్లాష్ డబ్ల్యూతో (పదంలో భాగమయ్యే అక్షరం అని దానర్థం) అడిగి చూడండి, త, ల, గ అని మూడు ముక్కలు చేతికిస్తుంది. "అమ్మ" అయితే అమ, మ. "పాలు" కొమ్ముతో ముగుస్తుంది, కొమ్ము దాని దృష్టిలో పదం కాదు, పక్కనున్న ఖాళీ కూడా పదం కాదు, ఇక హద్దు ఎక్కడిది? అదే "పాల" అని హద్దులతో వెతికితే "పాలు" లోపల దొరికిందంటుంది. ఉన్నదాన్ని లేదని, లేనిదాన్ని ఉందని. హిందీకీ ఇదే బాధ. యూనికోడ్ వాళ్ల మార్గదర్శకాల్లో ఈ గుర్తులు పదంలో భాగమేనని ఉంది, ఈ తేడాని 2011లోనే పైథాన్ బగ్ జాబితాలో ఎత్తిచూపారు కూడా.

రెజెక్స్ మాడ్యూల్ ఇక్కడే నిలబడుతుంది. ఇంపోర్ట్ లైన్‌లో పేరు మార్చాను, మిగతా కోడ్ దాదాపు అలాగే ఉంచాను, "తెలుగు" ఒకే పదంగా వచ్చింది. ముందు హద్దు పెట్టి "పాల" అని వెతికితే పాలు, పాలతో, పాలలో అన్నీ వచ్చాయి, కలపాలి, తిప్పాలి రాలేదు. కొబ్బరిపాలు కూడా రాలేదు, మాకు కావాల్సింది అదే. పాలకూర మాత్రం వచ్చింది, దాన్ని తీసెయ్యడానికి వెనకాల కూర ఉండకూడదని ఒక ముక్క కలిపాను. ఒక జాగ్రత్త: "ఆవుపాలు" అని కలిపి రాసినవి ఇలా దొరకవు, వాటికోసం ఇంకో వెతుకులాట విడిగా పెట్టుకోవాలి.

నాకు బాగా నచ్చిన ఇంకో సదుపాయం, తప్పుల్ని ఓర్చుకుని వెతకడం. "గోంగూర"కి ఒక తప్పు వరకు పర్వాలేదని చెబితే సున్న మరిచిపోయిన "గోగూర", దీర్ఘం లేని "గొంగూర" రెండూ పట్టుకుంటుంది. పిన్ని ఫోన్‌లో కొట్టిన ఫైళ్లకి ఇది ప్రాణం. కాకపోతే మామూలుగా మొదట సరిపోయినదాన్ని ఇచ్చేస్తుంది, అన్నిటికంటే దగ్గరది కావాలంటే బెస్ట్‌మ్యాచ్ అని విడిగా చెప్పాలి. చిన్న పదాలకి అసలు వాడొద్దు, "పాలు"కి ఒక తప్పు ఒప్పుకుంటే "పలు", "పాలి" అన్నీ వచ్చి పడతాయి. తెలుగు లిపి అక్షరాలు మాత్రమే అని అడగొచ్చు, ఇన్ని సెకన్లలో దొరక్కపోతే ఆపెయ్యమనీ చెప్పొచ్చు.

ఇది చెయ్యలేనివీ ఉన్నాయి. "కుక్కర్‌లో", "కుక్కర్లో" తీసుకోండి. మొదటిదాంట్లో పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది, వత్తు పడకుండా ఆపడానికి. ఒకటి వెతికితే రెండోది రాదు. వెతికే ముందే ఆ గుర్తుని రెండు వైపులా, అంటే టెక్స్ట్‌లోనూ వెతికే పదంలోనూ తీసెయ్యండి. ఇంకోటి ఐత్వం. దాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం దాని కింద ఇంకో గుర్తు అని రెండుగానూ రాయొచ్చు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అన్నయ్య పాత డిస్కు నుంచి వచ్చిన ఫైళ్ల పేర్లలో "మైసూరుపాక్" ఎంతకీ దొరక్కపోతే చివరికి తేలింది ఇదే. పైథాన్‌లోనే ఉన్న యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో అన్నిటినీ ఎన్ఎఫ్‌సి రూపంలోకి, అంటే ఇలాంటి జంటల్ని ఒకే గుర్తుగా కలిపే రూపంలోకి మార్చాక ఆ ఇబ్బంది పోయింది.

ఇబ్బందులంటే, డాక్యుమెంటేషన్ మొత్తం ఒకే పొడుగాటి పేజీ, కావాల్సింది పట్టుకోవడానికి కళ్లు నొప్పి పుడతాయి. తెలుగు ఉదాహరణ ఒక్కటీ కనపడలేదు నాకు. విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి కాబట్టి పర్మిషన్ లేని ఆఫీసు సర్వర్లలో కష్టం. మామూలు మాట ఉందా లేదా అన్నదానికి మాత్రం దీన్ని తేకండి, అక్కడ 'ఇన్' చాలు, వేగం కూడా దానిదే.

5కి 4 ఇస్తాను. మా జాబితాలో ఇప్పుడు పాలు ఉన్న వంటలు 41 తేలాయి. పిన్ని అన్నీ చదివి సరిచూసింది, ఒకటి తప్పింది, అందులో "క్షీరం" అని రాసి ఉంది.