క్యాసెట్లు ఫైళ్లుగా: పనితనం గట్టిదే, రేట్ల పట్టికే తికమక

హైదరాబాదు కోఠిలో పాత క్యాసెట్లను డిజిటల్ ఫైళ్లుగా మార్చి ఇచ్చే ఒక చిన్న దుకాణంలో మా తాతగారి హరికథల క్యాసెట్లు ఇచ్చి చేయించుకున్నాను. పనితనానికి వంక పెట్టనవసరం లేదు. ఒక క్యాసెట్టులో టేపును, దానిమీది ధ్వనిని చదివే హెడ్డుకు ఆనించే మెత్తని ప్యాడ్ ఊడిపోతే, పనికిరాని మరో క్యాసెట్టులోంచి తీసి అతికించారు. ప్రతిసారీ హెడ్డును స్పిరిటుతో తుడిచి, మాట తేటగా వినబడేదాకా దాని పక్కనున్న చిన్న స్క్రూను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాకే రికార్డింగు మొదలుపెట్టారు.

చిక్కంతా రేట్ల పట్టికతోనే. ధ్వనిని దాచే ఫైలు రకాల్లో ఎంపీ3కి ఒక రేటు, వేవ్‌కు ఇంకొకటి, ఫ్లాక్‌కు అన్నిటికంటే ఎక్కువ. ఏది ఎందుకో అడిగితే తప్ప చెప్పరు. వేవ్ ఫైలు ధ్వనిని ఏమాత్రం కుదించకుండా దాచుతుంది కనుక, సీడీ ప్రమాణంలో, అంటే సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్ల చొప్పున రెండు ఛానెళ్లలో తీసుకుంటే, 60 నిమిషాల క్యాసెట్టు 600 ఎంబీ దాటుతుంది. ఫ్లాక్ అదే ధ్వనిని ఇంచుమించు సగం జాగాలో సర్దుతుంది, విప్పినప్పుడు ఒక్క బిట్టు కూడా తేడా రాదు. 2001 నుంచి ఉచితంగా అందుబాటులో ఉన్న ఈ ఫార్మాట్‌కు అదనపు రుసుము వసూలు చేయడం సబబుగా లేదు.

ఎంపీ3 మాత్రం చెవి పసిగట్టదని లెక్కగట్టిన భాగాలను శాశ్వతంగా తీసేస్తుంది. 128 కేబీపీఎస్‌లో (సెకనుకు 128 కిలోబిట్లు) గంట నిడివి 60 ఎంబీ లోపే ఇమిడిపోతుంది కాబట్టి బంధువులకు ఫోనులో పంపుకోవడానికి అదే వీలు. తాతగారి వచనం ఫ్లాక్, ఎంపీ3 రెండింటిలోనూ ఒకేలా వినిపించింది. చిడతల దగ్గర మాత్రం తేడా బయటపడింది. ఫ్లాక్‌లో ప్రతి దెబ్బా విడివిడిగా ఖణేల్‌మంటుంటే, ఎంపీ3లో దెబ్బ పడకముందే సన్నని బుస మొదలై అంచు మొద్దుబారిపోయింది.

పట్టికలో 'ఎంపీ3లు ఫ్లాక్‌గా మార్చబడును' అన్న పంక్తి కూడా ఉంది. దాని జోలికి పోవద్దు. ఒకసారి తీసేసిన ధ్వని తిరిగి రాదు, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది. సీడీ పాటను 128 కేబీపీఎస్ ఎంపీ3గా చేసి, మళ్లీ ఫ్లాక్‌గా మార్చి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి ధ్వని ఎంత ఉందో చూపే బొమ్మ) తెరిస్తే, మామూలుగా 16 కిలోహెర్ట్జ్ దాపున పైభాగమంతా కోసేసినట్టు ఖాళీగా కనిపిస్తుంది. అలాగే సెకనుకు 96,000 నమూనాలు తీసుకునే 96 కిలోహెర్ట్జ్ 'హై రిజల్యూషన్' సేవ పెద్ద ఆర్కైవులకు అవసరం కావచ్చు గానీ, ఇంటి టేప్‌రికార్డరులో పట్టిన గొంతుకు సీడీ ప్రమాణమే ఎక్కువ.

ఒక లోపం చెప్పాలి. అట్టమీద 'రుక్మిణీ కల్యాణం, మొదటి భాగం' అని తాతగారు చేత్తో రాసి ఉన్నా, ఫైళ్లకు 'సైడ్ ఏ', 'సైడ్ బి' అనే పేర్లు పెట్టి ఇచ్చారు. ఫ్లాక్‌లో శీర్షిక, కథకుడి పేరు, అట్ట ఫొటో సహా పొందుపరచే వీలుంది. అందుకని పేర్ల జాబితాను కాగితంమీద రాసి క్యాసెట్లతోపాటే ఇవ్వండి. ఫ్లాక్ ఒక్కటే అడిగి తీసుకుంటే, ఎంపీ3లు ఇంట్లోనే ఖర్చు లేకుండా ఆడాసిటీతో చేసుకోవచ్చు.