తాతల నాటి రూపాయి ఇప్పుడెంతో చెప్పే యాప్: 199 పెట్టి కొన్నాను

రెండు స్టార్లు. అందులో ఒకటి, అడగ్గానే డబ్బు వాపసు ఇచ్చినందుకు.

మా తాతయ్య వాళ్ళ నాన్నగారి 1911 నాటి చిట్టా పుస్తకం రామచంద్రపురం ఇంటి అటక మీద దొరికింది. అందులో ఖర్చులు ఇప్పటి రూపాయల్లో ఎంతవుతాయో చూద్దామని ఈ యాప్ (పేరెందుకులెండి) కొన్నాను. మొదటి పద్దులోనే బోల్తా. పుస్తకంలో 4-6-3 అని ఉంది, నాలుగు రూపాయల ఆరణాల మూడు పైలు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు కాబట్టి లెక్క వేస్తే 4.39 వస్తుంది, యాప్ మాత్రం 4.63 అని తీసుకుంది. 1957 దాకా మనకి వంద పైసల రూపాయే లేదు కదా బాబూ!

సేరు సంగతి ఇంకా ఘోరం. బెల్లం ఎన్ని సేర్లన్నా 80 తులాల సేరుతోనే, అంటే సుమారు 933 గ్రాములతో లెక్కేస్తుంది. మద్రాసు తూకంలో సేరు 24 తులాలే, 280 గ్రాములు, అలాంటివి ఐదైతే వీశ. దాంతో మా ముత్తాత కొన్న బెల్లం మూడింతలైపోయింది.

అసలు నవ్వొచ్చింది గ్రాఫ్ చూశాక. అప్పటి సర్కారు పట్టికల్లో సేరు ధర ఎంతని రాయరు, రూపాయికి ఎన్ని సేర్లు వస్తాయో రాస్తారు, అంటే ధర పెరిగితే అంకె తగ్గుతుంది. వీళ్ళు ఆ అంకెల్నే ధరలనుకుని గీసేశారు. 1876-78 ధాత కరువులో జనం తిండి లేక చచ్చిపోతుంటే బియ్యం ధర పడిపోయినట్టు చూపిస్తోంది!

ఇక 'ఇప్పటి విలువ' అంటే బంగారంతో గుణించడమే. అప్పట్లో సవరన్‌కి (బ్రిటిష్ బంగారు నాణెం) 15 రూపాయలని ప్రభుత్వమే కట్టిన రేటు, అంటే రూపాయికి దాదాపు అర గ్రాము బంగారం, ఆ లెక్కన ఎవరి జీతమైనా ఘనంగానే కనిపిస్తుంది. కానీ ఆ రూపాయితో ఇల్లు గడిచింది బియ్యం, ఉప్పు, నూనె, పంచెల మీద, వాటి ధరలు బంగారంతో సమానంగా పెరిగాయా? పైగా మా పాలేరుకి జీతం కుంచాల్లో ధాన్యం, దాన్ని ఎక్కించడానికి యాప్‌లో గడే లేదు.

మా ఆవిడ వాళ్ళది వరంగల్, వాళ్ళ కాగితాలన్నీ హాలీ సిక్కాలో, అంటే నిజాం సొంత రూపాయల్లో ఉన్నాయి. సుమారు ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దార్లు, అంటే బ్రిటిష్ రూపాయలు. యాప్‌లో ఉన్నది ఒకటే బటన్, 'ఇండియా'.

కస్టమర్ కేర్ అమ్మాయి మాత్రం ఓపిగ్గా విని అన్నీ రాసుకుంది, రెండో స్టార్ ఆవిడకే. అణాలకి, పైలకి విడి గళ్ళు పెట్టి, సేరు ఏ ఊరిదో అడగడం మొదలుపెట్టిన రోజున మూడోది వేస్తాను.