నిఘంటువులో భాషా, నోటిలో భాషా?

అంతరించిపోతున్న భాషను రికార్డు చేసి దాచాలా, పిల్లల నోట నిలపాలా? రెండూ కావాలి, కానీ రెండూ సమానం కావు.

అండమాన్‌లో బో భాష మాట్లాడిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010లో కన్నుమూశారు. భాషా శాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలను, పాటలను అప్పటికే రికార్డు చేశారు. బో కూడా చేరిన గ్రేట్ అండమానీ భాషల్లోని పక్షుల పేర్లనూ పుస్తకంగా తెచ్చారు. అమూల్యమైన పని. అయితే ఆకుల చాటు నుంచి వచ్చే కూత విని పిట్టను పోల్చుకునే చెవిని పుస్తకం ఇవ్వజాలదు.

థాయ్‌లాండ్‌లో సురిన్ దీవుల్లో సముద్రంపై ఆధారపడి బతికే మోకెన్ తెగవారికి మనుషులను మింగే ‘లబూన్’ అల కథను పెద్దలు చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న సునామీకి ముందు సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గగానే పెద్దలకు అదే గుర్తొచ్చింది. ఊరు మెరకకు పరుగెత్తి బతికింది. ఆ కథ నోట ఆడుతూ ఉంది కాబట్టే ఆ క్షణంలో అందింది. ఒక్కదానికే నిధులుంటే తాతల పక్కన మనవలను కూర్చోబెట్టడానికే ఇవ్వాలంటాను.