టీచింగ్ ప్రాక్టీస్‌కు ప్యానెలా, నల్లబల్లా?

అనంతపురం పల్లె బడికి పాఠాలు చెప్పడం సాధన చేయడానికి వెళ్లే బీఎడ్ ట్రైనీలకు ఏటా ఇదే సందేహం: ప్యానెల్ (తరగతి గోడకుండే పెద్ద డిజిటల్ తెర) వాడాలా, నల్లబల్లా?

ఖర్చు: ప్యానెల్ బడిలో ఉంటే పెన్‌డ్రైవ్ చాలు. నల్లబల్లకు సుద్దముక్కలు, డస్టర్.

శ్రమ: వీడియో ముందురోజే డౌన్‌లోడ్ చేసుకుని, బడిలో ఒకసారి సౌండుతో సహా ఆడించి చూడాలి. పెన్‌డ్రైవ్‌లోని ఫైలును ప్యానెల్ తెరవకపోవడం మామూలే. ఎంపీ4 అయితే ఇబ్బంది తక్కువ. నల్లబల్లపై బొమ్మ గీయడానికీ సాధన కావాలి, కానీ అది ఇంట్లోనే కుదురుతుంది.

చిక్కు: కరెంటు పోతే ప్యానెల్ ఆగుతుంది. కిటికీ వెలుతురు పడితే తెర మెరిసి వెనక బెంచీలకేమీ కనపడదు. బల్లమీద రాస్తుంటే పిల్లలకు వీపు తిరుగుతుంది, అల్లరి అప్పుడే మొదలు.

గుండె కొట్టుకోవడం, గ్రహణాలు వంటి కదిలే పాఠాలకు ప్యానెల్. రెండు మూడు నిమిషాల ముక్క వేసి, ఆపి, ప్రశ్న అడగండి. భిన్నాలు, సమీకరణాలకు నల్లబల్లే: తుడిచేదాకా ప్రతి మెట్టూ కళ్లముందుంటుంది. పరిశీలకులు వచ్చే రోజున ప్యానెల్ పాఠమైనా సుద్దముక్క జేబులో ఉండాల్సిందే.