ఇంటికొచ్చే కేర్‌టేకర్ సర్వీసులు: నాలుగేళ్ల వాడకం తర్వాత

పక్షవాతంతో మంచం పట్టి, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి ఆహారం పోసే గొట్టం), యూరిన్ క్యాథెటర్ (మూత్రం గొట్టం), ఇన్సులిన్ మూడూ ఉన్న పెద్దావిడ కోసం హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా వాడిన సర్వీసుల మీద ఈ సమీక్ష. మూడు రకాలూ చూశాం: యాప్‌లో బుక్ చేసుకునే పెద్ద కంపెనీ, గల్లీలో రెండు గదుల ఆఫీసు పెట్టిన బ్యూరో, తెలిసినవాళ్లు చెబితే నేరుగా పెట్టుకున్న మనిషి. పేర్లు రాయడం లేదు, రాసినా పెద్దగా ఉపయోగం లేదు. ఒకే కంపెనీ పంపిన ఇద్దరి పనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంటుంది. పైగా ఈ నెల ఒక కంపెనీ టీషర్టులో వచ్చిన అమ్మాయే మూడు నెలల తర్వాత ఇంకో బ్యూరో తరఫున మన గుమ్మంలో నిలబడుతుంది.

అందుకే ఏజెన్సీకి ఇచ్చే కమిషన్ దేనికో ముందే తేల్చుకోవాలి. మనిషి రాని రోజు ఇంకో మనిషిని పంపడం ఒకటి. వచ్చిన మనిషి ఏం చేస్తోందో పని తెలిసినవాళ్లు ఎవరైనా వచ్చి చూడటం రెండోది. ఈ రెండూ లేకపోతే మీరు కట్టేది ఫోన్ నంబర్ ఇచ్చినందుకు ఫీజు.

పని నాణ్యత ముందు తెలిసేది ఒంటి మీద. రోజూ సాయంత్రం స్నానమో స్పాంజో అయ్యాక తోక ఎముక దగ్గర, రెండు తొంట్ల మీద, మడమల వెనక, చెవుల వెనక చూడండి. ఎర్రగా ఉన్న చోట వేలితో రెండు మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే ఫర్వాలేదు. నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు, కాబట్టి పక్క చర్మంతో పోల్చి వేడిగా ఉందా, గట్టిగా తగులుతోందా అని చేత్తో చూడాలి. ఇక్కడ కేర్‌టేకర్లు మామూలుగా చేసే తప్పు, ఆ ఎర్రటి చోటే పౌడరో స్పిరిటో వేసి గట్టిగా రుద్దడం. దాంతో లోపల దెబ్బతిన్న కణజాలం ఇంకా నలుగుతుంది. మధ్యలో కన్నం ఉన్న గాలి రింగు కూడా వద్దు, దాని అంచు చుట్టూరా నొక్కి రక్తం ఆపేస్తుంది.

రెండు గంటలకోసారి పక్క తిప్పాలని అందరికీ తెలుసు. తిప్పుతున్నారా లేదా అన్నది కేర్‌టేకర్ టైము రాసే నోట్‌బుక్ చెబుతుంది, చదవడం తెలిస్తే. 8, 10, 12, 2 అని గుండుసున్నా నిమిషాలతో, ఒకే పెన్నుతో, ఒకే వాలులో రాసి ఉంటే అది డ్యూటీ దిగే ముందు ఒక్క ఊపులో రాసింది. నిజంగా రాసిన పుస్తకంలో 8.10, 10.25, 12.05 అని ఉంటుంది, మధ్యలో ఒకచోట చెయ్యి తడిసి అక్షరం చెదిరి ఉంటుంది. ఎడమ, కుడి, వెల్లకిలా అని వరస కూడా రాయమనండి. వరసగా రెండుసార్లు ‘ఎడమ’ అని పడిందంటే మధ్యలో ఒక తిప్పడం ఎగిరిపోయింది. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య రాతలే ఎక్కువగా అబద్ధం చెబుతాయి. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అన్న పేరుతో ఒకే మనిషిని పెట్టుకుని రాత్రంతా రెండు గంటలకోసారి లేవమంటే అది జరగదు, అందులో తప్పు ఆ మనిషిది కూడా కాదు. ఇలాంటి పేషెంటుకి పన్నెండు గంటల షిఫ్టులు రెండు పెట్టుకోక తప్పదు.

ఎయిర్‌బెడ్ (పంపుతో గాలి నింపే పరుపు) ఉంది కదా అని తిప్పడం మానేస్తారు. బెడ్ పనిచేస్తోందో లేదో చూడాలంటే నడుము ఉన్నచోట, ఆ గాలి పరుపు కిందికి అరచెయ్యి దూర్చండి. ఎముక చేతికి తగిలితే గాలి చాలడం లేదు, ఒక అంగుళమైనా గాలి మిగలాలి. దిగిపోతున్నారని పంపు నాబ్‌ని ఫుల్‌కి తిప్పేసేవాళ్లుంటారు, అప్పుడది చెక్కబల్లే. దాని మీద బొంత, రెక్సిన్, ఇంకో దుప్పటి వేసినా అంతే. ఒక్క నూలు దుప్పటి చాలు.

ట్యూబ్ ఫీడింగ్ దగ్గర మంచి మనిషినీ మామూలు మనిషినీ ఐదు నిమిషాల్లో పట్టేయొచ్చు. మంచి మనిషి ముందు ముక్కు దగ్గర ట్యూబ్ మీద పెట్టిన గుర్తు జరిగిందేమో చూస్తుంది, సిరంజితో కొంచెం వెనక్కి లాగి చూస్తుంది, తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుతుంది. ఎత్తే ముందు మోకాళ్ల కింద దిండు పెడితే పేషెంటు కిందికి జారరు. జారితే తోక ఎముక దగ్గర చర్మం లాగి పుండు పడుతుంది. 200 నుంచి 250 మి.లీ. మించకుండా, సిరంజి పిస్టన్‌తో తోయకుండా, దానంతటదే దిగేలా పోయాలి. చివర్లో 30 నుంచి 50 మి.లీ. నీళ్లు. ఆ తర్వాత కనీసం అరగంట దాకా పడుకోబెట్టకూడదు. మధ్యలో దగ్గు వచ్చిందా, వెంటనే ఆపాలి. మన ఇళ్లలో ట్యూబ్ మూసుకుపోవడానికి పెద్ద కారణం రాగి జావ. పలచటి గుడ్డలో వడకట్టాల్సిందే. ఎస్.ఆర్., ఎక్స్.ఎల్. అని ఉన్న మాత్రలు నూరి పోయకూడదు, మెల్లగా పనిచేయాల్సిన మందు మొత్తం ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది.

క్యాథెటర్ విషయం తొందరగా చెప్పేస్తాను. బ్యాగ్ ఎప్పుడూ నడుముకంటే కింద ఉండాలి, నేలకి తగలకూడదు. పక్క తిప్పేటప్పుడు బ్యాగ్‌ని మంచం మీద పెట్టే అలవాటు మాన్పించండి. పన్నెండు గంటల్లో 300 మి.లీ. కూడా రాకపోతే ముందు ట్యూబ్ తొడ కింద మడతపడిందేమో చూసి, లేదంటే డాక్టరుకి ఫోన్ చేయాలి.

ఇన్సులిన్ గురించి మాత్రం కొంచెం ఆగి చదవండి. మన దగ్గర వయల్స్ (ఇన్సులిన్ సీసాలు) ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లవి, పెన్నులోవి 100వి. సిరంజి ఎర్ర మూతదైతే 40కి, నారింజ మూతదైతే 100కి. మందుల షాపువాడు ఏదో ఒకటి ఇస్తాడు, కేర్‌టేకర్ ఏదో ఒకటి వాడుతుంది. 40 వయల్‌ని నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. 100 వయల్‌ని ఎర్ర సిరంజితో 20 గీత దాకా లాగితే 50 వెళ్తాయి, అది ప్రాణాల మీదికి తెస్తుంది. డ్యూటీకి వచ్చిన మొదటి రోజే రెండు సిరంజిలూ చేతికిచ్చి తేడా అడగండి. చెప్పలేకపోతే ఆ మనిషికి ఇన్సులిన్ అప్పగించకండి. బ్యూరోల భాషలో తెల్లకోటు వేసుకున్న ప్రతి మనిషీ నర్సే. ఏఎన్ఎం, జీఎన్ఎం (నర్సింగ్ కోర్సులు) చేశానని చెబితే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. ట్యూబ్, క్యాథెటర్ మార్చడం వాళ్ల పనే.

కొత్త మనిషికి ఇంకో పరీక్ష: మంచం నుంచి వీల్‌చెయిర్‌లోకి మార్చమనండి. బ్రేకులు వేసిందా, కాలిపలకలు పైకి మడిచిందా, కుర్చీని బలం ఉన్న పక్కన పెట్టిందా, నిలబెట్టే ముందు మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టిందా చూడండి. చంకల్లో చేతులు పెట్టి ఎత్తేస్తే, పక్షవాతంతో పడిపోయిన వైపు భుజం కీలు జారుతుంది.

ఇక లెక్కలు. జీతం 26 రోజులకా 30 రోజులకా, సెలవు రోజు డబ్బు కోస్తారా, తిండి ఎవరిది, అడ్వాన్సు ఎన్నాళ్లకి తిరిగిస్తారు అనేవి వాట్సాప్‌లో రాయించుకోండి. ‘రీప్లేస్‌మెంట్ ఉంటుందండి’ అన్న మాట చాలదు, ఎన్ని గంటల్లో అని ఉండాలి. సంక్రాంతికీ, బతుకమ్మ-దసరాకీ ఊరంతా ఖాళీ అవుతుంది. పదిహేను రోజుల ముందే అడగకపోతే ఎవరూ దొరకరు. పాత మనిషి, కొత్త మనిషి ఒక పూటైనా కలిసి పనిచేయాలని పట్టుబట్టండి. ఆ పూటకి డబుల్ కట్టినా నష్టం లేదు.

మార్కులు వేయాలంటే: పెద్ద కంపెనీకి ఐదులో మూడు. కాగితాలు, పోలీస్ వెరిఫికేషన్ పక్కాగా ఉంటాయి, సూపర్‌వైజర్ మాత్రం మొదటి నెల తర్వాత ఫోన్లకే పరిమితం. బ్యూరోకి రెండున్నర, మనిషిని తొందరగా పంపుతారు, ఎవరిని పంపుతారో వాళ్లకే తెలీదు. నేరుగా పెట్టుకున్న మనిషికి పనిలో నాలుగు, సెలవుల్లో ఒకటి. ప్రస్తుతం నడుస్తున్న ఏర్పాటు ఇది: పగలు నేరుగా పెట్టుకున్నావిడ, రాత్రి కంపెనీ మనిషి, వారానికోసారి జీఎన్ఎం నర్సు వచ్చి ఒళ్లు, ట్యూబ్, నోట్‌బుక్ మూడూ చూసి వెళ్తుంది. మంచం పక్క గోడకి అంటించిన కాగితం మీద సిరంజి మూత రంగు, ఫీడ్ కొలత, 108, డాక్టరు నంబరు, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి.