చీమకుర్తి క్వారీ ఫోటో మీద కొలాజ్: మీస్ దారా, సూపర్‌స్టూడియో దారా?

చీమకుర్తి గ్రానైట్ క్వారీ ఫోటో మీద కొలాజ్ (ముక్కలు అతికించి చేసే చిత్రం) చేయాలనుకునే ఆర్కిటెక్చర్ విద్యార్థులు ముందు చూడాల్సింది ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో 1942లో చేసిన 'కాన్సర్ట్ హాల్' కొలాజ్. విమానాల ఫ్యాక్టరీ లోపలి ఫోటో మీద ఆయన కొన్ని పలకలు అతికించారు. పైన కప్పును మోసే ఉక్కు ట్రస్సులు అలాగే ఉన్నాయి, కింద సంగీతం వినే చోటు పుట్టింది! ఉన్నదాన్ని చెరపకుండా కొత్తది ఊహించడం అంటే ఇదీ. క్వారీ మెట్ల ముందు రెండు గోడలు అతికించి చూడండి, నాటకాల వేదిక కనిపిస్తుంది.

ఫ్లోరెన్స్ ఆర్కిటెక్టుల బృందం సూపర్‌స్టూడియో 1969లో మొదలుపెట్టిన 'కంటిన్యువస్ మాన్యుమెంట్' కొలాజ్‌లు వేరే రకం. గళ్ల కట్టడం ఒకటి కొండల్ని, నగరాల్ని దాటుతూ భూమంతా చుట్టేస్తుంది. దాన్ని నిజంగా కట్టే ఉద్దేశం లేదు, ఆగకుండా కట్టుకుంటూ పోవడం మీద అదొక విమర్శ. తవ్వకం ఎందాకా అని అడగాలంటే ఇదే పదునైనది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నా ఓటు మీస్‌కే. కత్తెర, జిగురు, మంచి ఫోటో ఉంటే చాలు.