గ్రీకుల దేవరాజు జ్యూస్ దర్శనానికి ఒలింపియానా, డొడోనానా?

క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు భక్తుడికి ఇదో తర్జనభర్జన. రెండూ జ్యూస్ క్షేత్రాలే: ఒలింపియాలో ఆటల ఉత్సవం, డొడోనాలో భక్తుల ప్రశ్నలకు దేవుడి జవాబు.

ఎప్పుడు: ఒలింపియా ఉత్సవం నాలుగేళ్లకోసారి, అయిదు రోజులు. డొడోనాలో దేవుణ్ణి అడగడానికి అన్నేళ్లు ఆగక్కర్లేదు.

సందడి: ఒలింపియాలో నూరు ఎడ్ల బలి, బూడిద పేరుకుని గుట్టయిన బలిపీఠం, శిల్పి ఫిడియాస్ చేసిన సుమారు 12 మీటర్ల బంగారు, దంతపు విగ్రహం. ఎండ, జనం, ఈగలు కూడా. వాటిని తోలమని జ్యూస్‌కే వేరే బలి! డొడోనాలో పవిత్రమైన ఓక్ చెట్టు, సీసపు రేకు మీద గీకిన ప్రశ్న. పోయిన దుప్పట్లు, దిళ్లు ఎవరైనా ఎత్తుకెళ్లారా అని అడిగినాయన రేకు తవ్వకాల్లో దొరికింది. నాకైతే ఇదే ముచ్చట.

ఇబ్బంది: పెళ్లయిన ఆడవాళ్లకు ఒలింపియా ఉత్సవంలో ప్రవేశం లేదు, పంటల దేవత డిమీటర్ పూజారిణికి తప్ప. డొడోనా వాయవ్య గ్రీసులోని ఎపిరస్ కొండల్లో, దూరాభారం.

ఆటలు, వైభవం చూడాలంటే ఒలింపియా. ఇంటి గొడవకు జవాబు కావాలంటే, ఆడవాళ్లయితే మరీనూ, డొడోనా.